పద్నాలుగో సీటు

కూర్చోగానే అలవాటుగా కుర్చీ కింద మీట నొక్కాడు. కుర్చీ బుస్సుమని నిట్టూర్చి జానెడు కిందికి దిగింది. మధ్యాహ్నం షిఫ్టులో ఇదే సీటులో కూర్చునే అమ్మాయి పొట్టిది, కుర్చీని మాత్రం ఆకాశంలో పెట్టుకుంటుంది. కాళ్ళు ఆనించుకోవడానికి బల్ల కింద ఒక అట్టపెట్టె ఉంచుకుంది. పొద్దున అతను ఆ పెట్టెను పాదంతో పక్కకు తోస్తాడు, మధ్యాహ్నం ఆమె వచ్చి మళ్ళీ లాక్కుంటుంది. తోసి తోసి, లాగి లాగి నేల మీద ఒక చార పడింది.

తర్వాత కీబోర్డు తిరగేసి తట్టాడు. జలజలా బిస్కెట్ పొడి రాలింది. ఆఫీసులో అందరూ ఆమెను పిచ్చుక అనేది ఇందుకే. తిన్నచోట చల్లుతుంది, కూర్చున్నచోట వాగుతుంది. అతన్ని లేబుల్ బాబాయ్ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో అతనికి గుర్తులేదు. మందుల సీసాలకూ జామ్ డబ్బాలకూ అంటించే లేబుళ్ళను ముద్రించే సాఫ్ట్‌వేర్ మీద ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషికి ఇంకో పేరు పెట్టడానికి ఎవరికీ తీరిక ఉండి ఉండదు.

పొడిని అరచేతిలోకి ఊడ్చి చెత్తబుట్టలో వేశాడు. కిటికీ అద్దంలోంచి ఎండ సరిగ్గా బల్ల అంచు దాకా వచ్చి ఆగింది. కాసేపట్లో అది టీ కప్పు దాకా వస్తుంది, ఆ తర్వాత కీబోర్డు మీదికి ఎక్కుతుంది. అప్పుడు అతను తెర కొంచెం తిప్పుకుంటాడు. ఈ రోజు కూడా తిప్పుకుంటాడు. ఈ రోజుతో ఈ విభాగం మూసేస్తున్నారన్న సంగతి ఎండకు తెలియదు. మనుషులకు తెలిసి చాలా రోజులైంది కనుక ఎవరూ దాని గురించి కొత్తగా ఏమీ మాట్లాడటం లేదు.

తెర మీద ఒక ఫైలు తెరిచి ఉంది. పైన పిచ్చుక రాసిన మాట: "బాబాయ్, చూసి బాగుంటే పంపండి. బాగాలేకపోతే తిట్టకుండా పంపండి."

నవ్వుకుని చదవడం మొదలుపెట్టాడు.

ఇది కంపెనీ పని కాదు. కంపెనీ తన సాఫ్ట్‌వేర్ లోపల వాడుకునే ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్ది పంపొచ్చు. ఎక్కడో ఉన్న ఒక పెద్దాయన వచ్చినవన్నీ చూసి, నచ్చినవి కలుపుతాడు. ఆయన ఎలా ఉంటాడో వీళ్ళకు తెలియదు. తెర మూల గుండ్రటి బొమ్మలో ఒక గడ్డం మాత్రం కనిపిస్తుంది. జీతం లేదు, మెప్పు కూడా పొదుపే. బాగుంటే "సరే" అని రాస్తాడు. బాగాలేకపోతే మూడు పేరాలు రాస్తాడు.

పంపడానికి ఒక ఖాతా కావాలి. కంప్యూటర్లు పెట్టిన కొత్తలో, వాటిని చూసుకునే సిస్టమ్స్ అబ్బాయి సీటు పేరుతోనే ఖాతా తెరిచేశాడు. పేరు అడిగిన చోట 'పద్నాలుగో సీటు' అని కొట్టాడు. "తర్వాత మీ పేరుతో తెరుచుకోండి బాబాయ్" అన్నాడు కూడా. అతను తల ఊపాడు. పేరుదేముంది, తప్పు దిద్దితే చాలు అనుకున్నాడు. తర్వాత పిచ్చుక వచ్చి అదే సీటులో, అదే ఖాతాలో పని మొదలుపెట్టింది. ఆమె కూడా తల ఊపింది. అలా ప్రపంచం దృష్టిలో పద్నాలుగో సీటు అనే ఒక మనిషి తయారయ్యాడు. పొద్దున మేలుకుని రాత్రి దాకా పనిచేస్తాడు. గడ్డం పెద్దాయన ఒకసారి రాశాడు: "పద్నాలుగూ, నువ్వు ఎప్పుడైనా నిద్రపోతావా?" ఆ రోజు షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

పిచ్చుక వచ్చిన కొత్తలో ఎవరు రాసింది వాళ్ళే పంపేసేవారు. ఒకసారి అతను తొందరలో పంపిన దిద్దుబాటు వల్ల లేబుళ్ళ మీద అంకెలన్నీ తలకిందులుగా పడ్డాయి. ఆ సాయంత్రమే పిచ్చుక పంపిన దాని వల్ల అక్షరాలు కూడా తలకిందులయ్యాయి. గడ్డం పెద్దాయన ఆరు పేరాలు రాశాడు. మర్నాడు పిచ్చుక రెండు చేతులూ నడుమున పెట్టుకుని నిలబడింది.

"బాబాయ్, ఇకనుంచి ఎవరిది వాళ్ళు పంపొద్దు. నేను రాసింది మీరు చూసి పంపండి. మీరు రాసింది నేను చూసి పంపుతా. తిట్లు పడితే పంపినవాళ్ళకే."

"అంటే నా తిట్లు నువ్వు తింటావా?"

"మీ తిట్లు నావి, నా తిట్లు మీవి. ఇచ్చిపుచ్చుకుందాం."

అప్పటినుంచి అదే పద్ధతి. సాయంత్రం ఆమె రాసింది పొద్దున అతను చదివి పంపుతాడు. పొద్దున అతను రాసింది మధ్యాహ్నం ఆమె చదివి పంపుతుంది. గడ్డం పెద్దాయన పేరాలు తగ్గిపోయాయి, "సరే"లు పెరిగాయి.

ఈ రోజు ఆమె రాసినదాంట్లో ఒకచోట ఒక చుక్క తప్పిపోయింది. అది పెట్టి, పంపే మీట నొక్కాడు. ఇదే చివరిదని నొక్కాక తోచింది. వేలు మీట మీదినుంచి తీయడానికి కొంచెంసేపు పట్టింది.

తెర పక్కన చిన్న గాజుసీసా ఒకటి ఉంది. దగ్గుమందు సీసా, ఖాళీది. పైన సన్నం, కింద వెడల్పు. అలాంటి సీసాల మీద లేబుల్ అంటిస్తే వరసలు వంగిపోతాయి. తిన్నగా ముద్రించిన మాట నవ్వుతున్న నోరులాగా కిందికి జారుతుంది. సీసా వంపును ముందే లెక్కగట్టి, అక్షరాలను ఎదురువైపు వంచి ముద్రిస్తే చూసేవాళ్ళకు తిన్నగా కనిపిస్తాయి. చెప్పడానికి ఇంతే. దీని మీద అతను నెలల తరబడి బుర్ర గోక్కున్నాడు. రాసింది చెరిపాడు, చెరిపింది రాశాడు. ఆఫీసు దగ్గర మందుల షాపుకు వెళ్ళి, "ఖాళీ సీసా ఏదైనా ఉంటే ఇస్తారా అండీ" అని అడిగేవాడు.

కౌంటరు వెనక ఉన్నావిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసింది. "మందు వద్దు, సీసా కావాలన్న మొదటి మనిషి మీరే" అంది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడు కూడా. నాలుగోసారి ఆవిడ అడిగింది: "నిజంగా సీసాల కోసమేనా వస్తున్నారు?" అతను నిజాయితీగా "అవునండీ" అన్నాడు. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతుండగా, అది నిజం కాదని తెలిసింది. చిన్నప్పటినుంచీ అతన్ని పెంచిన అక్క, "వీడికి పెళ్ళి యావ లేదు" అని ఊరంతా చెప్పి చెప్పి చివరికి చెప్పడం కూడా మానేసిన వయసులో, మర్నాడు అతను మళ్ళీ ఆ మందుల షాపు మెట్ల మీద నిలబడి ఎర్రబడ్డాడు.

ఆవిడతో పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. బాత్రూంలో రెండో టవలు చూసినప్పుడల్లా అతనికి ఇప్పటికీ చిన్న ఆశ్చర్యం. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆవిడ తలుపు దగ్గర నిలబడి, అతని చొక్కా మీద లేని దూదిపింజను తీస్తుంది. అది లేదని ఇద్దరికీ తెలుసు. ఈ పొద్దున కూడా తీసింది. "ఆఖరి రోజని మొహం వేలాడేసుకుని కూర్చోకండి. నాకు ఇంకా ఉద్యోగం ఉంది" అంది. నిజమే, ఉంది. కానీ ఆ షాపు యజమాని ఇచ్చేది ఇంటి అద్దెకూ కరెంటుకూ అయిపోతుంది. ఆ మాట ఆవిడ అనలేదు. అతనూ అనలేదు.

సీసా లెక్క చివరికి పిచ్చుక తేల్చింది. అతను రాసిందంతా ఒక సాయంత్రం చదివి, మొత్తం పక్కన పెట్టి, వేరే దారిలో కొత్తగా రాసింది. మర్నాడు పొద్దున అతను వచ్చి చూసి, కుర్చీ దించడం కూడా మర్చిపోయాడు. కాళ్ళు గాల్లో వేలాడేసుకునే చదివాడు. లేబుల్ ముద్రించి సీసాకు అంటించాడు. 'రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత' అన్న వరస గీత గీసినట్టు నిలబడింది. పంపాడు. ఆరోజు గడ్డం పెద్దాయన "సరే" అనలేదు. "ఇది అందంగా ఉంది" అన్నాడు.

చక్రాల బల్ల గడగడలాడుతూ వచ్చింది. సిస్టమ్స్ అబ్బాయి వైర్లూ మౌసులూ ఏరుకుంటున్నాడు. అబ్బాయి అనడమే గానీ అతనికి ఇద్దరు పిల్లలు.

"బాబాయ్, సాయంత్రానికి మెయిళ్ళన్నీ మూసేస్తున్నా. ఆ పద్నాలుగో సీటు ఖాతా ఎవరో ఒకరు మీ సొంత మెయిలుకి మార్చేసుకోండి. మార్చేటప్పుడు అడిగే కోడు ఈ సీటు మెయిలుకే వస్తుంది. రేపు అడిగితే నేను కూడా ఏం చేయలేను. నేనూ ఉండను కదా."

"ఇద్దరం మార్చుకోవచ్చా?"

"ఒక ఖాతాకి ఒక మెయిలే. అయినా ఖాతాలో చేసిన పనంతా చూపించే ఆ పేజీలు ఎవరు చూస్తారు బాబాయ్! మా బావమరిది పేజీ నిండా పనే, వాడు ఇంట్లోనే ఉన్నాడు. వాడి స్నేహితుడికి అసలు పేజీయే లేదు, మేనమామ ఉన్నాడు. ఎవరికి వచ్చిందంటారు ఉద్యోగం?"

"మేనమామకా?"

సిస్టమ్స్ అబ్బాయి పకపకా నవ్వి, అతని బల్ల మీదున్న పాత మౌసు ఒకటి తీసుకుని, బల్ల తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను నవ్వలేదు. పోయిన వారం ఒక కంపెనీకి దరఖాస్తు పంపాడు. అంతకుముందు ఎన్నో చోట్లకు పంపాడు, ఒక్కరూ పలకలేదు. అతను రాసిన కోడంతా ఈ కంపెనీ గోడల లోపలే ఉంది, బయటివాళ్ళకు చూపించడానికి లేదు. కొత్త కంపెనీ ప్రకటనలో, 'అందరికీ కనిపించేలా మీరు చేసిన పని ఏదైనా ఉంటే దాని లింకు పంపండి' అని ఉంది. పద్నాలుగో సీటు పేజీ లింకు పెట్టాడు. పెట్టేటప్పుడు పిచ్చుకతో చెప్పాలనుకున్నాడు. షిఫ్టు మారేటప్పుడు ఆమె ఏదో సినిమా గురించి ఆపకుండా చెబుతోంది. చెప్పడం కుదరలేదు. కుదుర్చుకోలేదు.

ఎండ టీ కప్పు దాకా వచ్చేసరికి ఫోను మోగింది. ఒక ఆడమనిషి గొంతు, చల్లగా, తొందర లేకుండా ఉంది. కొత్త కంపెనీలో మనుషుల్ని తీసుకునే విభాగం నుంచి.

"మీ పేజీ మా ఇంజనీర్లు చూశారు. సీసా వంపుకి సరిపడేలా అక్షరాలు వంచింది వాళ్ళకి బాగా నచ్చింది. మేం చేసేది సీసాల పనే."

"థాంక్సండీ."

"ఒక్క చిక్కుంది. ఇదే పేజీ ఇంకొకరు కూడా పంపారు."

అతని చేయి దానంతటదే సీసా దగ్గరికి వెళ్ళింది.

"మీ ఆఫీసే. ఒకమ్మాయి. నిన్న ఫోన్ చేసి అడిగితే సీసాది తనే రాశానంది. మేం పేజీలో వేళలు చూశాం. అది పంపింది పొద్దున. ఆవిడది మధ్యాహ్నం షిఫ్టని ఆవిడే చెప్పింది. మీది పొద్దున షిఫ్టే కదా?"

"అవునండీ."

"అంటే అది మీదే కదా?"

పైన ట్యూబులైటు సన్నగా గుయ్‌మంటోంది. ఇన్నేళ్ళలో దాని చప్పుడు అతను వినలేదు.

"అవునండీ" అన్నాడు.

రెండో అవుననడానికి మొదటిదానికంటే ఎక్కువ కష్టమేమీ కాలేదు. అదే అతనికి వింతగా అనిపించింది.

"నేనూ అదే అనుకున్నా. ఆవిడ దరఖాస్తు పక్కన పెట్టేశాం. ఈ కాలంలో పిల్లలు ఎంత మాటైనా అనేస్తున్నారు. సోమవారం మా మేనేజరు గారిని ఒకసారి కలవండి. మాట వరసకే. సాయంత్రం అడ్రసు పంపిస్తా."

ఫోను పెట్టేశాక చాలాసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. తెర చీకటైంది. అందులో ఒక నడివయసు మనిషి కనిపించాడు. నెత్తి మీద జుట్టు పలచబడింది, చొక్కా శుభ్రంగా ఉంది. మౌసు కదిపాడు. ఆ మనిషి పోయాడు.

భార్యకు ఫోన్ చేశాడు. సోమవారం సంగతి చెప్పగానే అటునుంచి సన్నటి కేక, ఆ వెంటనే షాపులో ఎవరికో, "ఏం లేదండీ, ఇది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అనడం వినిపించింది. తర్వాత గుసగుసగా:

"నిజంగానా? అయితే కిటికీకి కర్టెన్లు కొంటున్నాం. పసుపువి. ఎదురింటావిడ రోజూ మనింట్లోకే చూస్తోంది, ఆవిడకి ఇక సినిమా బంద్. ఏమండీ, ఇంతకీ ఏం నచ్చిందట వాళ్ళకి?"

"సీసాది."

"నా సీసాయేనా!" ఆవిడ నవ్వింది. "చూశారా, నేను అప్పుడే డబ్బు తీసుకోవాల్సింది." ఒక క్షణం ఆగింది. "అవునూ, అది ఆ పిల్ల రాసిందన్నారు కదా? ఆరోజు ఇంటికొచ్చి అన్నం తినేంతసేపూ అదే చెప్పారు. ఇంత చిన్నపిల్ల, ఎలా తట్టిందో అని."

అతను సీసాను బల్ల మీద ఇటునుంచి అటు జరిపాడు.

"ఏమండీ?"

"ఊఁ."

"ఆ పిల్లే కదా?"

"ఆ పిల్లే."

అటు వైపు నుంచి డబ్బాల చప్పుడు, ఎవరిదో దగ్గు. "సరే, కస్టమర్లున్నారు. పెట్టేస్తున్నా" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. కర్టెన్లు కూడా లేవు.

ఎండ కీబోర్డు మీదికి ఎక్కింది. తెర తిప్పుకున్నాడు. చేయాల్సిన పని ఏమీ లేకపోయినా సొరుగు తెరిచి సర్దాడు. పెన్ను మూతలు, ఒక గొడుగు పిడి, పిచ్చుక దాచుకున్న బిస్కెట్ ప్యాకెట్. ప్యాకెట్‌ను తీసిన చోటే పెట్టాడు.

ఒక లేబుల్ వంకరగా ఉంటే వెంటనే కనిపెట్టే కళ్ళు తనవి. ఎవరింటికి వెళ్ళినా బల్ల మీది సీసాను చేత్తో తిప్పి చూస్తాడు. అందరూ నవ్వుతారు. ఈ మాట వంకర మాత్రం తన నోట్లోంచి వచ్చేటప్పుడు తెలియలేదు. కాదు, తెలిసింది. తెలిసినా, ఇదొక్కటే ఫోను కదా అనుకున్నాడు. ఆ పిల్లకు ఇంకా వయసుంది అనుకున్నాడు. ఆ పేజీని ఎన్నో ఏళ్ళు మోసింది నేను అనుకున్నాడు. అనుకున్నవన్నీ నిజాలే. అన్నీ కలిపితే మాత్రం ఒక అబద్ధం తయారైంది.

పిచ్చుక మామూలుగా తలుపు నెట్టుకుంటూనే మాట మొదలుపెడుతుంది. ఈ రోజు చప్పుడు లేకుండా వచ్చింది. భుజానికి సంచీ, చేతిలో గొడుగు. అతను లేవలేదు. ఆమె పక్క సీటు కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్కడ కంప్యూటరు అప్పుడే తీసుకుపోయారు, బల్ల మీద దుమ్ములో నాలుగు పలకల మచ్చ ఒకటి మిగిలింది. వేలితో దాని చుట్టూ గీత గీస్తూ అంది:

"బాబాయ్, ఒకటి చెప్తా. తిట్టొద్దు."

"చెప్పు."

"సీసాల కంపెనీ ఒకటుంది కదా... దానికి మన పేజీ పంపాను. మీకు చెప్పకుండా. పేజీ లేకపోతే ఫోనే చేయట్లేదు బాబాయ్ ఎవరూ. కాలేజీలో మార్కులు ఎవరూ అడగట్లేదు. నిన్న ఫోన్ చేస్తే నాది అనేశాను. సీసాది నాదే కదా, అది తప్పు కాదు. కానీ మిగతా వాటి గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు. రాత్రంతా నిద్ర లేదు. మీ కష్టం మింగేసినట్టుంది."

"నాకు పొద్దున ఫోన్ చేశారు" అన్నాడు.

ఆమె వేలు ఆగింది. "మీకా? మీరెందుకు... మీరూ పంపారా?" కళ్ళు పెద్దవి చేసి చూసింది, తర్వాత ఫక్కున నవ్వింది. "ఏం దొంగ బాబాయ్! ఒక్క మాటైనా చెప్పారా! నేను రాత్రంతా దిండు తడుపుకుంటే!"

"పూర్తిగా విను." చూపు సీసా మీద పెట్టుకుని చెప్పాడు. "వేళలు చూశారట. సీసాది పొద్దున పోయింది కాబట్టి నాదే కదా అని అడిగారు. అవునన్నాను."

నవ్వు ఆమె మొహం మీద ఇంకా కొంచెం ఉంది. మెల్లగా పోయింది.

"అవునన్నారా?"

"అన్నాను."

"అంటే నేను అబద్ధాలకోరునన్న మాట వాళ్ళ దగ్గర."

"అలాగే అనుకుంటున్నారు. నీ దరఖాస్తు పక్కన పెట్టేశారు."

"మీరు అలా..." అని ఆగిపోయింది. సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "మీరు అలా అనాల్సింది కాదు బాబాయ్. పంపే పద్ధతి పెట్టింది నేను. నా పద్ధతితోనే నన్ను కొట్టారు."

అతను ఫోను తీశాడు. పొద్దున వచ్చిన నంబరు నొక్కి, ఆమెకు వినపడేలా బల్ల మీద పెట్టాడు. ఆమె మచ్చ వైపే చూస్తూ కూర్చుంది.

"మేడం, పొద్దున మాట్లాడాను. పద్నాలుగో సీటు."

"చెప్పండి. అడ్రసు సాయంత్రం పంపిస్తానన్నాను కదా."

"అది కాదండీ. సీసాది నేను రాయలేదు. ఆ అమ్మాయే రాసింది. ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చదివి పంపడం మా పద్ధతి. సాయంత్రం తను రాసి పెడుతుంది, పొద్దున నేను చూసి పంపుతాను. నేను రాసింది మధ్యాహ్నం తను పంపుతుంది. అందుకని వేళలు తిరగబడి కనిపిస్తాయి."

అటువైపు నుంచి కీబోర్డు చప్పుడు.

"అంటే మధ్యాహ్నం వెళ్ళినవి మీవి."

"ఆ పద్ధతి పెట్టుకున్నప్పటినుంచి, అవునండీ. తను రాకముందువన్నీ నావే."

"చూస్తున్నా." మళ్ళీ చప్పుడు. "ఇవన్నీ చిన్నచిన్న దిద్దుబాట్లు."

"చిన్నవేనండీ."

"చాలా ఉన్నాయి."

"చాలా ఏళ్ళ నుంచి కదండీ."

ఆవిడ ఇంకా కిందికి జరుపుతూ చూస్తున్నట్టుంది. పిచ్చుక తలెత్తి అతని వైపు చూసింది.

"పొద్దున ఇది ఎందుకు చెప్పలేదు మీరు?"

"ఉద్యోగం కావాలండీ."

"చెప్పకపోతే మాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదండీ."

ఆవిడ చిన్నగా ఊపిరి వదిలింది. "నిజం చెప్పాలంటే, మొత్తం దరఖాస్తుల్లో పేజీ పంపింది మీరిద్దరే. అదీ ఒకే పేజీ. మా దగ్గరున్నది ఒకే ఖాళీ. మాకు కావాల్సింది సీసాది రాసిన మనిషి. ఏమనుకోకండి."

"లేదండీ."

"ఆ అమ్మాయి అక్కడుందా?"

ఫోను పిచ్చుక వైపు జరిపాడు. ఆమె దాన్ని వేడి గిన్నెలా రెండు వేళ్ళతో పట్టుకుని, స్పీకరు తీసేసి చెవికి ఆనించుకుంది. "హలో మేడం" అంది. గొంతు పీలగా వచ్చింది. ఆ వెంటనే సీసా గురించి అడిగారో ఏమో, గొంతు సర్దుకుంది. చేతులు గాల్లో సీసా గీయడం మొదలుపెట్టాయి. పైన సన్నం, కింద వెడల్పు. వంపు దగ్గరికి వచ్చేసరికి అతనికి కూడా చూపిస్తున్నట్టు ఇటు తిరిగింది. ఆ లెక్క ఇంకోసారి వినడం అతనికి బాగుంది.

మాట ముగిసేసరికి ఆమె చెవి ఎర్రగా కందింది.

"సోమవారం రమ్మన్నారు" అంది ఫోను తిరిగిస్తూ. కళ్ళెత్తలేదు. "నాకు మీ మీద కోపం ఇంకా పోలేదు బాబాయ్."

"ఉండనీ."

"రేపటికి పోతుందేమో."

"రేపు మనం ఇక్కడ ఉండం కదా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. పెద్ద నవ్వు కాదు.

"ఖాతా నీ మెయిలుకి మార్చుకో" అన్నాడు. "సాయంత్రానికి మూసేస్తారు. సోమవారం వాళ్ళు పేజీ తెరవమంటే నువ్వే తెరవాలి."

"మరి మీవి? అన్నేళ్ళవి?"

"అందులోనే ఉంటాయిగా. ఎక్కడికి పోతాయి?"

ఆమె ఒప్పుకోలేదు. కొంతసేపు వాదించింది. ఇద్దరికీ కుదిరే దారి ఏదైనా ఉందా అని సిస్టమ్స్ అబ్బాయిని కేకేసి అడిగింది. అతను చక్రాల బల్ల ఆపకుండానే, "ఇందాకే చెప్పా, లేదు" అని వెళ్ళిపోయాడు. చివరికి ఆమె తన ఫోనులో మెయిలు నింపింది. సీటు మెయిలుకు కోడు వచ్చింది. అతను ఒక్కొక్క అంకె పైకి చదివాడు, ఆమె కొట్టింది. చివరి అంకె దగ్గర అలవాటుగా, "ఇంకోసారి చూసుకో" అన్నాడు. ఆమె చూసుకుని, నొక్కింది. ఖాతా మారినట్టు తెర మీద ఒక ముక్క కనిపించి పోయింది.

అతను లేచాడు. కుర్చీ కింద మీట పట్టుకుని పైకి లేపాడు. ఆమె ఎత్తు అతనికి తెలుసు. అట్టపెట్టెను పాదంతో బల్ల కిందికి, చార వెంబడే తోశాడు. ఆమె వచ్చి కూర్చుంది, కాళ్ళు పెట్టె మీద పెట్టింది, సొరుగు లాగి బిస్కెట్లు తీసింది. ఒకటి అతనికిచ్చింది.

"గడ్డం తాతకి ఏమని చెప్పమంటారు?"

"పద్నాలుగుకి నిద్రొచ్చిందని చెప్పు."

సంచీ భుజాన వేసుకుని, రెండు వరసల మధ్య ఖాళీ బల్లలు దాటుకుంటూ నడిచాడు. తలుపు దగ్గర ఆగి భార్యకు ఫోన్ చేశాడు.

"సోమవారం లేదు" అన్నాడు. "ఆ పిల్లకి ఇచ్చారు. నేనే చెప్పాను."

"ఊఁ" అంది ఆవిడ. డబ్బా ఏదో కింద పెట్టిన చప్పుడు. "అంటే మధ్యాహ్నం నుంచి ఖాళీయేనా మీరు?"

"ఖాళీయే."

"అయితే షాపుకి రండి. అటక మీది డబ్బాలు నాకు అందట్లేదు. ఆ తర్వాత కర్టెన్లు చూడ్డానికి వెళ్దాం. చూడ్డానికి డబ్బులడగరుగా." మళ్ళీ ఆవిడే అంది, "ఏమండీ, మీ సామానంతా తెచ్చుకున్నారా? ఏమీ మర్చిపోలేదుగా?"

సంచీ తడుముకున్నాడు. టిఫిన్ డబ్బా ఉంది. గొడుగు పిడి ఉంది. వెనక్కి తిరిగి గాజుతలుపులోంచి చూశాడు. కుర్చీలో పిచ్చుక కాళ్ళూపుతూ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది, ఖాళీ చేత్తో గాల్లో వంపు గీస్తోంది.

"ఏమీ మర్చిపోలేదు" అన్నాడు.

మెట్లు దిగాడు. పైన పద్నాలుగో సీటు బల్ల అంచున, రాలిన బిస్కెట్ పొడి పక్కన, దగ్గుమందు సీసా ఎండలో ఉంది. దాని వంపు మీద 'రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత' అన్న వరస, ఏ వైపునుంచి చూసినా ఇసుమంతైనా వంగకుండా, తిన్నగా నిలబడి ఉంది.